గుండు దారం

మా నాయిన సున్నం మేస్త్రి.
అందుకే సున్నా అంటే నాకు భయం లేదనుకునేదాన్ని.

టోలిచౌకిలో జిరాక్స్ షాపు పైన
ఇస్మత్ మేడమ్ ట్యూషన్.
కింద మిషన్ కాగితాలు మింగి కక్కుతుంటే
పైన బోర్డు మీద ఒరిగిన కోడిగుడ్డు ఒకటి:
ఎక్స్ స్క్వేరు, ప్లస్ ఎక్స్ వై, ప్లస్ వై స్క్వేరు,
అన్నీ కలిపి మూడు.
"దీనికి నిలువు స్పర్శరేఖలు ఎక్కడెక్కడ?"

అవకలజం తీశాం.
మైనస్ పెట్టి, పైన రెండు ఎక్స్ ప్లస్ వై,
కింద ఎక్స్ ప్లస్ రెండు వై.
"ఇప్పుడు హారాన్ని సున్నా చెయ్యండి" అంది.
మూడో తరగతి నుంచీ
చేస్తే చేతి మీద స్కేలు పడే పని అది.
భయపడుతూనే చేశాను.
ఎక్స్ రెండు దగ్గర ఒక గీత,
మైనస్ రెండు దగ్గర ఇంకొకటి,
గుడ్డుకు రెండు పక్కలా రెండు నిట్రాళ్లు.

అర మార్కు కోసింది.
"పైన లవం కూడా సున్నా అయిందేమో చూసుకున్నావా?
పైనా కిందా రెండూ పోతే
అక్కడ గీత నిలబడిందో, ముడి పడిందో
నీకెట్లా తెలుస్తుంది?"
చూశాను. మూడు మిగిలే ఉంది పైన.
అర మార్కు మాత్రం మళ్లీ రాలేదు.

"మరి అక్కడ వాలు ఎంత మేడమ్?"
వెనక బెంచీ నుంచి ఫర్హాన్.
"వాలు లేదు బేటా. గీత ఉంది."

ఆ మాట సంచిలో పెట్టుకునే
ఆదివారం సాత్ గుంబద్‌కి నాయిన సద్ది పట్టుకుపోయాను.
వెదురు పరంజా మీద నాయిన,
కనుబొమల దాకా సున్నం.
గుమ్మటం పొట్ట దగ్గర
గుండు వేలాడేసి
మెల్లమెల్లగా లోపలికి జరుపుతున్నాడు.
"గుండు ఊగేటప్పుడు మాట్లాడకు బిడ్డా.
గోడకైతే దారం పొడుగూతా ఆనాలె.
గుమ్మటానికి ఒక్క కాడ్నే ఆనాలె.
రెండు కాడ్ల ఆనిందంటే నేను తప్పు పూసిన."

దారం ఆగింది.
పైన గుమ్మటం కలశం వైపు ఒరిగిపోతోంది,
కింద రాతి రేకుల్లోకి ముడుచుకుపోతోంది,
మధ్యలో ఒక్క చోట
అటూ కాదు, ఇటూ కాదు.

నేను తల వంచి చెవిని భుజానికి ఆనించాను.
దారం అడ్డంగా పడుకుంది.
గుమ్మటం గుట్టయింది.
ఆనిన చోటు గుట్ట కొస.
ఎక్స్‌ని ఎంత జరిపితే వై ఎంత పోతుందని
ఇన్నాళ్లూ అడిగాను;
వై జరిగితే ఎక్స్ ఎంత పోతుందని అడిగితే
జవాబు ఇంతే, సున్నా,
ఎవరూ కొట్టని సున్నా.

"మెడ పట్టిందా?" అన్నాడు నాయిన.
"లేదు. నాయినా, అక్కడ వాలు లేదంట."
"లేకుంటే ఏంది, దారం తాకుతలేదా?"
అని బొగ్గుముక్కతో చుక్క పెట్టి
సద్ది విప్పాడు.
గోంగూర, చల్లారిన జొన్నరొట్టె.

మర్నాడు ఆ చుక్క మీద మరో పూత పడింది.

ఇప్పుడు మెహదీపట్నం బస్సు ఫ్లైఓవర్ ఎక్కితే
గుమ్మటాలు కాసేపు కనిపిస్తాయి, అవీ దుమ్ములో.
ఏది నాయిన పూసిందో చెప్పలేను.
కిటికీ కడ్డీని ఒక్కోదానికి ఆనించి చూస్తూ పోతాను,
ఒక్క చోటే తాకేదాకా,
కండక్టరు టికెట్ అడిగేదాకా.