ముల్లు ఆగిన చోట

పీణ్యా రెండో స్టేజిలో మా షెడ్డు.
బ్యాగులకు కుట్టే మందపాటి పట్టీలకు రంగేస్తాం,
ఎక్కువగా ముదురు నీలం.
నేత ఎంత బిగువంటే
నీటిచుక్క వేస్తే
పిలవని పేరంటానికి వచ్చినదానిలా
అంచునే కూర్చుంటుంది.

సబ్బు కలిపాం. మరగబెట్టాం.
ఓబుళేసు మేస్త్రి కర్రతో పొడిచి పొడిచి ముంచాడు.
రాత్రంతా నానిన పట్టీని బ్లేడుతో కోస్తే
పైన నీలం, లోపల కొబ్బరి.

"గాలి కాపురముంది లోపల.
అడ్వాన్సు తిరిగిచ్చి ఖాళీ చేయిస్తే తప్ప
రంగు దిగదు" అన్నాడు.

అంబత్తూరులో మూతబడిన మిల్లు నుంచి
పాత వ్యాక్యూమ్ డ్రమ్ము లారీలో తెచ్చాం.
మీటరు అద్దం మీద ఎవరో ఆపరేటరు
ఎర్ర పెయింటుతో గీసుకున్న గీత: ఏడువందల ముప్ఫై.
అక్కడికొచ్చాకే రంగు వదలాలని.

మా ముల్లు ఆరువందల యాభైమూడు దగ్గర ఆగింది.
ఆపి, మళ్ళీ వేశాం.
ఆరువందల యాభైమూడు.

మూడు రోజులు లీకు వెతికాం.
ప్రతి బోల్టు దగ్గరా అగరుబత్తి పట్టుకుని
పొగ ఎటు లాగుతుందోనని చూశాం.
నిటారుగా లేచింది పాడు పొగ.
గాస్కెట్ మార్చాం.
మేస్త్రి పంపును తల్లిదాకా తిట్టి
శుక్రవారం దానికే బొట్టు పెట్టాడు.

ల్యాబులో చుక్క ఇంకడానికి
ఎన్ని సెకన్లో లెక్కపెట్టే కుముద వచ్చింది.
"లీకేం లేదన్నా.
అంబత్తూరు సముద్రం పక్కన.
మనం మూడువేల అడుగుల ఎత్తునున్నాం.
ఇక్కడ మన నెత్తిన గాలే తక్కువ.
లేనిదాన్ని పంపు ఎట్లా లాగుతుంది?"

ఇరవై రెండేళ్ళు ఈ ఊళ్ళో బతికినా
నెత్తిన బరువు తక్కువని నాకెవరూ చెప్పలేదు.
చీటీ బాకీలు తలుచుకుంటే
నమ్మబుద్ధీ కాలేదు.

ఆమె గోటితో ఎర్రగీత గీకేసి
వాల్వు తిప్పింది.
డ్రమ్ములోకి ఒక్క గుక్క చప్పుడు.
"చూశావా, ఖాళీ కనిపిస్తే రంగే పరిగెత్తింది"
అన్నాన్నేను.
"పరిగెత్తలేదన్నా, తోశారు.
బయటి గాలి. ఆ ఉన్న కాస్తే."

కోసి చూశాం.
నీలం. నట్టనడుమ పోగు కూడా నీలం.

మేస్త్రి ఆ ముక్కను లైటుకేసి తిప్పి చూశాడు.
పక్కనే ఇంకో చోట కోశాడు.
ఇంకో చోట.
కొబ్బరి ఎక్కడో దాక్కుందన్నట్టు
రెండు గజాలు ముక్కలు చేశాడు.
నేను రిజిస్టరులో వేస్టేజి కింద రాశాను.