టార్చి పట్టినోడు

మా దిక్కు మందంటె ఒక్కటి గాదు.
పొద్దుగూకితె సీసల దొరికేది మందే,
పత్తి మీద కొట్టేది మందే,
బాయిల బండ పగులగొట్టేది మందే,
జరమొస్తె మింగేది సుత మందే.
"మందు తాగిండు" అని ఎవలన్న ఉరికొస్తె
ఏ మందని అడిగేటోడు గాదు ఓదెలు డాక్టరు.
వంగి నోటి వాసన జూసేటోడు.

నర్సంపేటల, నెక్కొండ రోడ్డు మీద
ఎరువుల దుకాణానికి, సైకిల్ షాపుకు నడుమ
రెండర్రల దవఖాన.
బోర్డు మీద డిగ్రీల రంగు ఎన్నడో రాలిపోయింది.
ఓ, దె, లు - మూడక్షరాలె మిగిలినయి.
నేను కంపౌండరును, సారంగం.
ఏడు దాక సదివిన.

పచ్చపురుగు దిగిన ఏడు
ట్రాక్టర్ల మీద, నులక మంచాల మీద మోసుకొచ్చిన్రు.
వరంగల్ ఎంజీఎం దాక ఆగే ఓపిక
అందరి పానానికి ఉండది.
సూది ఇచ్చి, గడియారం పక్కకు వెట్టి
"సారంగం, టార్చి కొట్టు" అనేటోడు.
కంటిపాప ఆవగింజంత.
మళ్ల సూది. మళ్ల టార్చి.
తెల్లారే యాల్లకు ఆవగింజ పెసరగింజయితె
"ఇగ చాయ్ తెప్పియ్" అనేటోడు.
ఆవగింజ ఆవగింజ లెక్కనె ఉన్ననాడు
గ్లాసు కడిగి బోర్లేసి
నాతోని సుత మాట్లాడకపోయేది.

ఫీజు పది రూపాయలు. లేకుంటె లేదు.
ఎనుమాములల మిర్చి అమ్మినంక ఇస్తమన్నోళ్ల పేర్లు
నేను బుక్కుల రాసేది, ఆయన తెరవకపోయేది.
ధర పడ్డ ఏడు, చలికాలం,
ఆ కాయిదాలతోనె నీళ్లు కాగబెట్టినం.
అబద్ధమెందుకు, సగం నేనే చింపిన.

ఒకనాడు వడ్ల మొగిలిని పిలిపించిండు.
"తాళం పడే పెట్టెలు జెయ్యి. పురుగుల మందు అండ్ల ఉండాలె.
చావాలన్న బుద్ధి పావుగంట కన్న నిలవదురా,
చెవి దేవులాడేదాక ఆగితె సాలు."
నలభై రెండు పెట్టెలు.
స్కూటరు ఎనుక నేను వాటిని కావలించుకొని కూసుంటె
ఖానాపురం దాటి తండాలన్ని తిరిగినం.
చెవి ముసలవ్వ మొలకు, లేకుంటె ఇల్లాలి కొంగుకు.
"బంగారం లేకున్న పెట్టె వచ్చింది" అని మగోళ్లు నవ్విన్రు.

రెండేండ్లు మంచాలు తక్కువొచ్చినయి.
మూడో ఏడు, ముసురు పట్టిన రాత్రి
బాలిని తెచ్చిన్రు.
కొంగుకు చెవి
ముడి ముడి లెక్కనె ఉన్నది.
డాక్టరు వాసన జూసిండు.
ముడి జూసిండు.
టార్చి నా చేతుల నిలవలే.

తెల్లారింది.
"చెవి ఎవలకియ్యాలె, సారంగం?"
నేనేం జెప్త, ఏడు సదివినోన్ని.

అటెన్క పెట్టెల ముచ్చట తియ్యలే.
తండాల గడపల మీద కూసొని
"తిన్నవా? బాకీ ఎంతున్నది? ఎవలకు?" అని
ఆడోళ్లను సుత అడిగేటోడు.
మెడల గొట్టం అట్లనె ఉండంగ
షావుకార్ల ఇండ్లకు పోయిండు.
ఒకడు వాయిదా ఇచ్చిండు.
ఒకడు కుక్కను ఇడిసిండు.
కుక్కకాటు సూదులు ఆయనకు నేనే ఇచ్చిన.
"నీ చెయ్యి మొరటురా" అని తిట్టుకుంటనే పొడిపించుకున్నడు.

ఆయన పోయి నాలుగేండ్లు.
దవఖాన జాగల ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం.
పెట్టెలు కొన్ని ఇంక ఉన్నయి.
ఒకదాంట్ల కోడి పొదుగుతున్నది, నేనే జూసిన.

మొన్న కరెంటు పోతె
మనుమరాలు టార్చి పట్టుకొని ఆడుతున్నది.
నా చెయ్యి నన్నడగకనె
దాని గదుమ లేపి కంట్ల వెలుగు కొట్టింది.
పాప జరంత ముడుసుకొని
మళ్ల ఇచ్చుకున్నది.
"ఏంది తాతా?" అన్నది.
ఏం లేదు బిడ్డా,
ఇగ చాయ్ తెప్పియ్.