కుడివైపు నుంచి

వల్లారూలో గోధుమ సైలోల వెనక
పాత పట్టాల మీద ఒక వ్యాగన్ ఉంది.
చక్రాల సందుల్లో అడవి సోపు మొలిచింది.
ఎవరూ లాగరు, ఎవరూ అమ్మరు.

దానికెదురుగా వేబ్రిడ్జి గదిలో నేను.
నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసెయ్యాలి.
డిసెంబరంతా
ఈ ఒక్క తీసివేతే నా ఉద్యోగం.

వ్యాగన్ నంబరు మొదట ఎనిమిదంకెలట.
తెల్లరంగు డబ్బా పట్టుకుని నిలబడింది తనే, పదహారేళ్ళప్పుడు,
అంటాడు క్లెమ్ ట్రెలోర్.
"ఇంత పొడుగు నంబరు ఏ తాగుబోతు గుమాస్తా ఇచ్చాడో!"
రిజిస్టరు తీసి చూపించాడు: 73,939,133.

నేను కామాలు మార్చి రాసుకున్నాను:
7,39,39,133.
ఏడు కోట్ల ముప్పైతొమ్మిది లక్షల
ముప్పైతొమ్మిది వేల నూట ముప్పైమూడు.
ఇక్కడి కామాల కింద నలిగిన రెండు ముప్పైతొమ్మిదులు
పక్కపక్కన కూర్చుని ఊపిరి పీల్చుకున్నాయి.

ఎవరికీ సమంగా పంచలేని సంఖ్య.
ఒకటికి లొంగుతుంది, తనకి తాను లొంగుతుంది, అంతే.
అలాంటివి కోకొల్లలు, అందులో వింతేం లేదు.
వింతంతా కుడివైపుంది,
సముద్రం వైపు.

ఒక వేసవిలో ఉప్పుగాలి చివరి మూడుని ఒలిచేసింది.
మిగిలింది 7393913. అదీ పగలదు.
ఇంకో మూడు రాలింది. 739391. పగలదు.
ఒకటి పోయింది. తొమ్మిది పోయింది.
బల్లి తోక తెగినట్టు తెగుతోంది,
తెగిన ప్రతిసారీ బల్లే.

పెంచుదామంటే మాత్రం కుదరదు.
చివర సరి అంకె పెట్టావా, రెండు వచ్చి పంచుకుపోతుంది.
అయిదు పెడితే అయిదే.
ఒకటో ఏడో పెడితే మూడు కాచుక్కూచుంది.
మూడూ తొమ్మిదీ కాస్త మొండికేస్తాయి గానీ
ఓపిగ్గా వెతికితే వాటికీ ఓ భాజకం దొరుకుతుంది.
ఈ నడక నడిచే సంఖ్యల్లో ఇదే పెద్దది, ఇదే ఆఖరు.
తరగడం ఒక్కటే తెలుసు దానికి.

మొన్నటి వడగాడ్పుకి మరో మూడు రాలిపోయింది.
739.
తూకం చీటీ వెనక పెన్సిల్‌తో భాగించి చూశాను.
ఇరవైమూడు దాకా వెళ్తే చాలు.
ఏడుతో నాలుగు మిగిలింది. పంతొమ్మిదితో పదిహేడు.
ఇరవైమూడుతో మూడు.
జంటలో ఒక ముప్పైతొమ్మిది ఇంకా ఉంది ఇనుము మీద.

"ఆఖరికి మిగిలే అంకెని మీ భాషలో ఏమంటారు?"
"ఏడు. సంవత్సరాన్నీ అదే అంటాం.
ఎవరినైనా ఏడవమనాలన్నా, అదే."
"మూడింటికీ ఒకే మాటా?" అన్నాడు క్లెమ్.
"రంగు బాగా ఆదా."

బయట లారీ హారన్. గాలా చిలుకలు లేచిపోయాయి.
అరవై రెండు టన్నులు, నిండుగా.
తీసివేత మొదలుపెట్టాను.

ఏడు కూడా రాలిన రోజు
ఆ వ్యాగన్‌ని ఎలాగైనా ఇక్కడికి తోయించి
దాని ఖాళీ బరువెంతో
ఒక్కసారి తూయాలనుంది.