హదస్

హమ్రియాలో నాలుగో అంతస్తు. లిఫ్టు చెడిపోయి నెల.
అబాయా అంచు ఎత్తిపట్టుకుని
మెట్టుకో ప్రశ్న సిద్ధం చేసుకుంటూ
ఎక్కుతోంది ఉస్తాదా బద్రియా.
వెనకాల నేను, వట్టి చేతులతో.
అటు మాట ఇటూ ఇటు మాట అటూ మోసే కూలీని,
గంటకి ఇంతని.

తలుపు తీసింది రాజమణి.
కత్తిరించిన జాకెట్టు ముక్కల్ని
కాలితో మంచం కిందికి తోసింది,
పట్టుబడ్డ సొత్తు అవే అయినట్టు.
గంగరాజం డ్యూటీ బట్టల్లోనే ఉన్నాడు,
జేబులో స్క్రూడ్రైవరు, గోళ్ళ నిండా ఏసీల మసి.
ఆమె కూచోకముందే అడిగాడు:
"మమ్ముల వాపస్ తోల్తరా మేడం?"
చెప్పాను ఆమెకి.
"తోల్తరా"లో తలవంచుకు నడిచే గొడ్డుని మాత్రం
అరబ్బీలోకి తోలలేకపోయాను.

బద్రియా తీపి మాట చెప్పలేదు.
"అది నా చేతిలో లేదు. ఈ ఆరు నెలలు ఉన్నాయి," అంది.
పెన్ను మూత తీసి
స్టేషన్లో ఎవరూ అడగనివి అడిగింది.
రాత్రి ఎవరితో కలిసి తింటాడు?
ఇంట్లో నవ్వి ఎన్నాళ్ళయింది?
ఏ తరగతి?

"తొమ్మిది," అన్నాడు తండ్రి.
గోడకి ఆనుకున్న మణిదీప్
కాలి బొటనవేలు చూసుకుంటూ
"పది," అన్నాడు.
ఆ అంకె గదిలో చాలాసేపు నిలబడే ఉంది.
ఏసీ నీళ్ళు బకెట్లో
చుక్క చుక్కగా లెక్క సరిచేస్తున్నాయి.

జరిగింది చిన్నదేం కాదు.
బిర్యానీ హోటలు ముందు తాళంచెవితో ఆగిన డెలివరీ బండి.
ముగ్గురు పిల్లలు. ఖురుమ్ బీచి దాకా ఒకటే గాలి.
రౌండబౌట్ దగ్గర గాలి అయిపోయింది.
బండి రఫీకుల్‌ది, చిట్టగాంగ్ మనిషి.
పదకొండు రోజులు పని లేదు.
ఆ పదకొండు రోజులూ అతని ఇంట్లో ఏం వండారో
రాయడానికి ఫైల్లో గడి లేదు.
బద్రియా మార్జిన్లో రాసుకుంది.

చివర్న సంతకాల కాగితం.
దాని నెత్తిన ఒకటే మాట: హదస్.
తల్లికి తెలుగులో చెప్పమంది.
నోట్లో తయారుగానే ఉంది బాలనేరస్థుడు,
పిల్లాడికీ నేరానికీ మధ్య
ఊపిరి పీల్చుకునే చోటైనా వదలని మాట.
రాజమణి నా పెదాలకేసే చూస్తోంది.
నాకు గొంతు పెగల్లేదు.

"ఆంటీ," అన్నాడు వాడు.
ఈ ఊళ్ళోనే పుట్టాడు, సందుల్లో బంతాటతో నేర్చిన
వాడి అరబ్బీ నా సర్టిఫికెట్టు కన్నా నయం.
"ఆ మాటకి ఇంకో అర్థం ఉంది.
జరిగింది అని. ఏదో ఒకటి, జరిగింది."
తల్లివైపు తిరిగాడు.
"నేనే చేసిన అమ్మా. జరిగింది."

ఏమన్నాడని బద్రియా నావైపు చూసింది.
డబ్బు తీసుకునే పనిని
కాసేపు చెయ్యకుండా ఊరుకున్నాను.

తర్వాత శుక్రవారాలు.
తండ్రి ముందు, టూలు బ్యాగుతో కొడుకు వెనక,
పని మీంచి నేరుగా ఆఫీసుకి వచ్చేవారు.
ఒకరితో ఒకరు మాట్లాడుకున్నట్టు కనిపించేది కాదు.
ఒకసారి మాత్రం గంగరాజం, ఎవరూ అడక్కుండానే,
"పది, బి సెక్షన్," అన్నాడు నాతో.

రఫీకుల్‌ని రెండుసార్లు పిలిచారు, రాలేదు.
మూడోసారి కుంటుతూ వచ్చాడు.
వాయిదా డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.
వాడు చాపిన చెయ్యి అందుకోలేదు.
గుమ్మం దాకా వెళ్ళి, ఆగి,
"హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదురా?" అనడిగాడు,
తనకొచ్చిన హిందీలో.

దానికి నా అవసరం పడలేదు.