ఐదు వందల మాటలు మించకుండా

అమలాపురం ఎర్ర వంతెన అవతల
మేడమెట్ల కింద ఇరికించిన నెట్ సెంటరు.
ఆఖరి తేదీ ఇవాళే.
ఎం.టెక్., జలవనరుల ఇంజినీరింగు.
ఫొటో యాభై కేబీ దాటిందని
నా మొహాన్ని మూడుసార్లు వెనక్కి పంపింది ఫారం.
నాలుగోసారి దుర్గబాబు నన్ను నలిపి నలిపి
నలభై ఎనిమిదికి దించాడు.

పేరు: నేలపూడి రత్నశాంతి.
గేట్ స్కోరు: వేశాను.
తప్పిన సబ్జెక్టులుంటే: ఒకటి.
ఫ్లూయిడ్ మెకానిక్స్.
కారణం రాయడానికి గడి లేదు.
ఆ నవంబరులో మా పేటలో నీళ్ళు
తొమ్మిది రోజులు నిలబడ్డాయని,
మంచం మీద మంచం వేసుకుని
బెర్నూలీ సమీకరణం చదివానని,
పుస్తకంలో నీళ్ళు కదులుతూనే ఉన్నాయని,
కింద నీళ్ళు కదల్లేదని
ఎక్కడ రాయను?

ప్రస్తుత ఉద్యోగం:
రొయ్యల చెరువుల ల్యాబు, నీటి పరీక్షలు.
పొద్దున్నే సీసాల్లో వస్తాయి ఊళ్ళు.
చెయ్యేరు ఒక సీసా, కాట్రేనికోన ఒక సీసా.
మూత తీసి ఉప్పెంతో చెప్పాలి నేను.
మొన్నొకటి చెరువుది కాదు, బడి బోరుది.
నాలుగు చూపించింది.
మిషను పాడైందేమోనని కడిగి మళ్ళీ పెట్టాను.
మిషను బాగానే ఉంది.

సిఫారసు చేసేవారు ఇద్దరు, తప్పనిసరి.
ఒకరు మా కాలేజీ హెచ్.ఓ.డి.
"గుర్తులేకేమమ్మా" అన్నారు,
లేనని ఆ గొంతులోనే తెలిసింది.
రెండోవారు పల్లయ్య గారు.
లాకుల దగ్గర ముప్ఫై ఆరేళ్ళు లస్కరు.
తలుపు చెక్కకి అరచెయ్యి ఆనించి
ఎగువ నీళ్ళు ఎన్ని అంగుళాలో చెప్పే మనిషి.
హోదా దగ్గర నొక్కితే జాబితా జారింది:
ప్రొఫెసరు, డైరెక్టరు, సైంటిస్టు, మేనేజరు.
లస్కరు లేడు.
'ఇతరులు' నొక్కాను.
సంస్థ ఇచ్చిన ఈమెయిల్ కావాలంది.
సంస్థ ఆయనకిచ్చింది ఒక గొడుగు, ఒక టార్చిలైటు,
రిటైరైన రోజు ఒక శాలువా.
రెండో పేరు మా ల్యాబు మేనేజరుది పెట్టాను.
ఆయనకి ఈమెయిల్ ఉంది.

అయినా పోయిన ఆదివారమే అడిగాను పల్లయ్య గారిని,
నా గురించి ఏం రాయిస్తారని.
గుర్రపుడెక్క లాగి గట్టున పడేస్తూ అన్నాడు:
"గట్టు మీద అందరూ దారి చూసుకుని నడుత్తారు.
ఈ పిల్ల నీళ్ళకేసి చూత్తా నడుత్తాది.
రెండుమాట్లు జారి పడిపోయింది కూడాను.
ఆయ్, రాసుకో."

ఇక ఉద్దేశం.
ఐదు వందల మాటలు మించకుండా.
మొదటి వాక్యం సీనియర్ ఒకామె పంపింది:
చిన్నతనం నుంచీ దేశాభివృద్ధికి నా వంతు కృషి చేయాలనే తపన నాలో ఉండేది.
ఆ తర్వాతంతా నాది.
మా మురుగు కాలువ సముద్రానికి పోవాలి.
పాటులో పోతుంది.
పోటులో సముద్రం దాన్ని
సార్వా చేలమీదకి తిప్పి పంపుతుంది.
నీరు పల్లమెరుగు అంటారు గానీ
మా దగ్గర పల్లమే
రోజుకి రెండుసార్లు చోటు మారుతుంది.
ఆ మారే గంటకి ఒక తలుపు కావాలి.
ఎంత వెడల్పు, ఎంత బరువు,
అర్ధరాత్రి అది ఎవరు మూస్తారు, ఎవరు తీస్తారు,
నాకు లెక్క రాదు.
లెక్క కోసం వస్తున్నాను.
కింద పల్లయ్య గారి మాట, ఆయన అన్నట్టే.

ఐదు వందల పది అంది ఫారం, ఎర్రగా.
"ఆ ముసలాయన ముక్క తీసెయ్యండి మేడమ్, సరిపోద్ది"
అన్నాడు దుర్గబాబు, షట్టరు సగం దించుతూ.
మొదటి వాక్యం తీసేశాను.
సరిగ్గా పది.

ఫీజు కట్టాక చక్రం తిరిగింది, తిరిగింది.
కరెంటు పోతుందనుకున్నాం ఇద్దరం.
పోలేదు.
దరఖాస్తు నంబరు అరచేతిలో రాసుకుని
దుర్గబాబుకి ఎనభై ఇచ్చి బయటికొచ్చాను.
తొమ్మిదిన్నర.
ఈపాటికి అక్కడ పోటు మొదలై ఉంటుంది.
రేపు పొద్దున చెయ్యేరు సీసా
ఇవాళ్టి కంటే ఉప్పగా వస్తుంది.