అరవై అంగుళాలు

కొరుక్కుపేటలో మా వీధికి
తెలుగు కరపత్రం ఐదేళ్లకోసారి వస్తుంది.
ఈసారి నీలం కాగితం.
"వరద కాలువ, 640 మీటర్లు, పని పుర్తి."
పూర్తికి దీర్ఘం పెట్టే తీరిక లేకపోయింది.
పక్కన దండం పెడుతున్న ఫోటో.

చదివాను. నమ్మాను.
నమ్మింది కాలువను చూసి కాదు,
ఫోటోలో ఉన్నాయన మావాడని.
పదకొండు మందికి పంపాను,
కింద "చూశారా?" అని రాసి.
నేను మాత్రం చూడలేదు.

దేశమ్మ కొలిచింది.

పోయిన డిసెంబరులో ఆమె గదిలోకి నీళ్లొచ్చి
కుట్టడానికిచ్చిన పద్నాలుగు జాకెట్లు
ఒకదాని రంగు ఒకటి పూసుకున్నాయి.
ఆ డబ్బు ఎవరు కట్టారో వీధిలో ఎవరం అడగలేదు.
ఆమే కట్టింది, నెలకో రెండు జాకెట్ల చొప్పున.

రాత్రి తొమ్మిదిన్నరకి నా తలుపు కొట్టింది,
మెడలో టేపు, వేళ్ల మధ్య సుద్దముక్క.
"ఆ కొస పట్టుకో బాబూ."
కరపత్రం వెనక పెన్సిలుతో లెక్క వేసుకొచ్చింది:
ఆరు వందల నలభై మీటర్లంటే
తన టేపు నాలుగు వందల ఇరవై సార్లు.
ఇస్త్రీ బండి దగ్గర యేసురత్నం పగలబడి నవ్వాడు.
"ఫోర్ ట్వంటీనా! ఒప్పుకోలు అంకెలోనే ఉంది కదక్కా."
ఆమె నవ్వలేదు.
కొలవకుండా కత్తెర పెట్టే అలవాటు లేదామెకి.

వంగడం, పరచడం, గీత గీయడం, లేవడం.
పలకల మీద చిన్న తెల్ల గీతలు,
చంక దగ్గర గుడ్డ మీద పెడుతుందే, అలాంటివి.
ఇరవై రెండో టేపు దగ్గర కుక్కని లేపాం.
నలభైకి నా నడుము పట్టేసింది.
అరవైకి
కాలువే ఆగిపోయింది.
ముందు పచ్చ గేటు, ఇసక కుప్ప,
దాని మీద నా ఎత్తు ఆముదం మొక్క.

"చీకట్లో లెక్క తప్పామేమో" అన్నాను.
నిజానికి నాకు తప్పాలని ఉంది.
మళ్లీ కొలిచాం. అరవయ్యే.

పొద్దున్నే ఇంకో పార్టీ ఆటో, మైకు:
"ఈ వీధిలో ఒక్క ఇటుకైనా పడలేదు!"
దేశమ్మ సూది జాకెట్టుకే గుచ్చి బయటికొచ్చింది.
"పడ్డాయి. తొంభై ఒక్క మీటర్లు పడ్డాయి.
కావాలంటే గీతలు లెక్కపెట్టుకోండి."
"నువ్వు వాళ్ల మనిషివా?" అన్నారు.
సాయంత్రం నీలం కండువాలొచ్చి
అదే మాట, అదే గొంతుతో అడిగాయి.
ఆమె పంటితో దారం కొరుకుతోంది.
జవాబు చెప్పలేదు.

నాకే ఇంకో పని మిగిలింది.
ఆ పదకొండు మందికీ మళ్లీ రాశాను:
"తప్పు పంపాను. తొంభై ఒకటే. కొలిచాను."
ఈ మూడు ముక్కలు రాయడానికి
రెండు టీలు చల్లారాయి.
కొందరు చూసి ఊరుకున్నారు.
మా బావమరిది ఫోన్ చేసి
"ఈ టైంలో నీకెందుకురా ఇవన్నీ" అన్నాడు.
వ్యాసర్పాడి నుంచి ఒకాయన మాత్రం అడిగాడు:
"మీ టేపు సాగలేదు కదా?"

ఒళ్లు మండింది.
మండుతూనే వెళ్లి దేశమ్మకి చెప్పాను.
అప్పుడు నవ్వింది, రెండు రోజుల్లో మొదటిసారి.
"బాగా అడిగాడే!"
మిషను కిందనుంచి ఇనప స్కేలు తీసింది,
టేపుని దాని పక్కన పడుకోబెట్టింది,
బొటనవేలితో నిమిరి, కళ్లద్దాలు నుదుటికెత్తి,
చాలాసేపు చూసింది.

"నూలుపోగంత సాగింది బాబూ.
అరవై సార్లకి ఓ బెత్తెడు తేడా.
తొంభై ఒకటికి ఆ బెత్తెడు కూడా కలిపి రాయి.
వాళ్లకి రావలసింది
వాళ్లకి ఇచ్చెయ్."