లీటరు దూరం

ఆదివారం తెల్లారగట్ల నాలుగున్నరకి
టీవీఎస్ బండిలో లీటరు పెట్రోలు పోయిస్తాను.
అది ఎంత దూరం తీసుకెళ్లి
మళ్లీ ఆమదాలవలసలో దింపగలదో
అంతే నా దేశం.

మిగతా ఆరు రోజులూ
నీలం తెర ముందు జనాన్ని కూర్చోబెడతాను.
గడ్డం కొంచెం పైకి.
చెవులు కనపడాలి.
నవ్వొద్దు.
ఇరవై రెండేళ్లుగా ఈ మూడు మాటల మీదే బతుకుతున్నాను.
ఆదివారం నా మాట వినేవాళ్లెవరూ ఉండరు.
హాయిగా ఉంటుంది.

నాగావళి ఇసుకలో బోర్లా పడుకున్నాను.
నీళ్లకీ నా మోచేతికీ మధ్య ఒక పిట్ట.
పుస్తకాల్లో పేరేదో ఉండే ఉంటుంది,
మా ఇంట్లో తోకూపుడుపిట్ట అనేవాళ్లం.
ఇంకా వేడెక్కని వెలుతురు
రెల్లుపూల మీంచి దిగుతోంది.
ఊపిరి బిగబట్టాను.
సరిగ్గా అప్పుడే
ఇసుక ట్రాక్టరు.

"ఏటి బావూ, ఇసకలో తొంగున్నావు?
నన్ను కూడా ఓటి తియ్యి!"
పళ్లన్నీ కనపడేలా నవ్వాడు డ్రైవరు.
తియ్యలేదు.
పిట్ట పడింది గానీ
మూలన సగం టైరు కూడా పడింది.
వారమంతా ఆ టైరుని తిట్టుకున్నాను.

పొందూరులో ఒక వరండా.
వాలుగ చేప దవడతో
పత్తిని దువ్వుతోంది తవిటమ్మ.
నీళ్లలో కరిచి బతికిన పళ్లు
ఇప్పుడు దూది తలలో చిక్కులు తీస్తున్నాయి.
కెమెరా ఎత్తగానే
కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.
"మొకం వొద్దు బాబూ, మొకం ఊరికినే ఉంటాది.
సెయ్యి తీసుకో. పని సేసేది అదే."
సెయ్యే తీశాను.
ఇరవై ఏడు బొమ్మలు.
ఒక్కదానిలోనూ గడ్డం లేదు.

నియమం తప్పింది ఒక్కసారే, మూడు లీటర్లు.
తేలినీలాపురం, జనవరి ఎండ.
చింతచెట్ల మీద గూడబాతులు
నా లెన్సుకి నూకలంత.
ఒకావిడ తన మేడ ఎక్కనిచ్చింది,
ఆరబోసిన ఉలవలు తొక్కకుండా నడవమంది.
"పురుళ్లకొచ్చాయి.
ఆ మెరుపు లైటు మాత్తరం ఎయ్యకు."
ఫ్లాష్ విప్పి జేబులో పెట్టుకున్నాను.
మా చెల్లి పురిటప్పుడు
ఆస్పత్రి వరండాలో ఇంత నెమ్మదిగా మాట్లాడుకున్నామా?
గుర్తు లేదు.
ఆ రోజు తీసినవన్నీ మసక.
ఒక్కటీ చెరపలేదు.

మొన్న మంగళవారం
నీలం తెర ముందుకి ముఖలింగం వచ్చాడు.
పేరు రసీదు రాస్తుంటే తెలిసింది,
పళ్లు మాత్రం గుమ్మంలోనే గుర్తుపట్టాను.
గుజరాత్‌లో ఏదో ఓడల కంపెనీ,
గేటు పాసుకి ఎనిమిది ఫోటోలు.
గడ్డం కొంచెం పైకి.
చెవులు కనపడాలి.
మూడో మాట నోట్లోనే ఉండిపోయింది,
అతనికి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ప్రింట్లు ఆరేలోపు గోడలన్నీ చూశాడు.
చివరికి స్టూలెక్కి
పనికిరానివి గుచ్చే మూల దగ్గర ఆగాడు.
"ఇదిగో, ఈ టైరు నాదే!
పక్కన అతుకు సూడు, నానే ఏయించాను."
ఆ అతుకు నేనెప్పుడూ చూడలేదు,
పిట్టనే చూశాను.
"పిట్ట కూడా బాగానే ఉందిలే,"
నా మనసు నొప్పించడం ఇష్టం లేక అన్నాడు.
"ఎంతిమ్మంటావు?"

ఎనిమిదింటికే డబ్బు తీసుకున్నాను.
తొమ్మిదోదాన్ని మడవకుండా
చొక్కా లోపల, బనీను మీద పెట్టుకుని
స్టేషన్ వైపు వెళ్లాడు.

ఈ ఆదివారం
అదే ఇసుక, అదే మోచెయ్యి.
కొత్త టైరు జాడ ఒకటి ఉంది, ఎవరిదో.
పిట్ట ఆ జాడలోంచే నడుచుకుంటూ వచ్చింది,
తోకతో ఔనౌనంటూ.
నేను కొంచెం పక్కకి జరిగి
జాడంతా పడేలా చూసుకున్నాను.